మన ఇంటి గుడ్డిపాము



నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పాముల గురించి రాయడానికి కారణం నేను చేసిన ఒక తప్పు.

చింతామణిలో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, వాన కురిసిన ఒక రాత్రి స్నానాల గదిలో సన్నని నల్లని పురుగులాంటిది కనిపించింది. "రెండు తలల పాము, నిద్రలో చెవిలో దూరుతుంది" అని పక్కింటివారు అనగానే చెప్పుతో కొట్టి చంపాను. ఏళ్ళ తర్వాత ఈ సంగతి చెబితే మా మనవరాలు, "దానికి నోరెంత ఉంటుంది తాతా?" అని అడిగింది. జవాబు తెలియలేదు. అప్పుడు పుస్తకాలు తీశాను.

ఎలా గుర్తించాలి?

అది గుడ్డిపాము. సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. వానపాముకు ఒంటినిండా ఉంగరాల వంటి గీతలుంటాయి. దీనికి నున్నగా మెరిసే పొలుసులుంటాయి, నాలుక ఆడిస్తుంది. కళ్ళు పొలుసు కింద రెండు చుక్కలు, వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. తోక కూడా తలలాగే ఉండటంతో "రెండు తలలు" అన్నారు. విషం లేదు, మనిషిని కరవలేనంత చిన్న నోరు. తినేది చీమల, చెదల గుడ్లు, పిల్లపురుగులు. వాన నీరు కలుగుల్లో నిండితే పైకి వస్తుంది.

మగది లేని జాతి

ఈ జాతిలో అన్నీ ఆడవే. మగది లేకుండానే గుడ్లు పెడతాయి. పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళ్ళినా కొత్త దేశంలో సంతానం మొదలవుతుంది. అలాగే ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికాలకు చేరింది.

దీని శాస్త్రీయ చరిత్ర మన తెలుగు నేలపైనే మొదలైంది. విశాఖపట్నంలో ఉన్న స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన పుస్తకంలో దీని బొమ్మ వేయించి, "రెండు తలల పాము" అన్న మన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఆ బొమ్మ ఆధారంగా 1803లో ఫ్రాన్సుకు చెందిన డోడాన్ శాస్త్రీయ నామం పెట్టాడు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇదే పేరుతో పిలిచే లావుపాటి ఇసుకపాము వేరు. అది ఇంట్లో ఉంటే ధనం వస్తుందని నమ్మించి లక్షలు కాజేసేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా అమ్మినా నేరమే.

పిల్లలూ, ఏ పామో తెలియనప్పుడు ముట్టుకోకండి, దూరంగా నిలబడి పెద్దలను పిలవండి. కానీ చంపమని ఎవరైనా అంటే, మా మనవరాలిలా ముందు ఒక ప్రశ్న అడగండి. ఆ రాత్రి నేను అడగలేదు.