బడి వదిలాక, అమ్మ ఇంటికి వచ్చేలోగా: పిల్లల చేతిలో ఫోను



పిల్లలు, ఫోను అన్న మాట రాగానే మా ఓపీలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "రోజుకి ఎంతసేపు చూడనివ్వొచ్చు డాక్టరు గారూ?" దీనికి జవాబు ఉంది, కింద ఇస్తున్నాం. కానీ ఉద్యోగం చేసే తల్లులతో నాలుగు మాటలు మాట్లాడితే అసలు చిక్కు గంటల లెక్కలో లేదని తెలుస్తుంది. బడి సాయంత్రం 4 గంటల ప్రాంతంలో వదులుతారు. అమ్మ రొయ్యల షెడ్డు నుంచో, బట్టల కొట్టు నుంచో, విజయవాడలో ఆఫీసు ముగించుకుని బస్సులోనో ఇంటికి చేరేసరికి 7 దాటుతుంది. నాన్న రావడం ఇంకా ఆలస్యం. "ఒక్క గంటే చూడాలి" అని చెప్పి వెళ్లిపోతే, ఆ గంట ఎప్పుడు అయిపోయిందో చూసేవాళ్లు ఇంట్లో ఉండరు. చూసేవాళ్లు లేని నియమం ఎన్నాళ్లో నిలవదు. అందుకని ఈ పాఠంలో ఆ మూడు గంటల గురించే ఎక్కువగా చెప్పుకుందాం.

ఫోను పిల్లల చేతికి ఎలా వచ్చింది?

పిల్లవాణ్ణి తిట్టేముందు ఈ సంగతి గుర్తు చేసుకోవడం మంచిది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ చవకైంది. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసేశారు. పదో తరగతి వాళ్లకి దూరదర్శన్ సప్తగిరి చానల్లో పాఠాలు చెప్పారు. మిగతా చాలామందికి పాఠాలు, హోంవర్కు అన్నీ వాట్సాప్‌లోనే. వాయిదాల మీద రెండో ఫోను కొన్న ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. బడులు మళ్లీ తెరిచినా హోంవర్కు మాత్రం చాలాచోట్ల వాట్సాప్ గ్రూపులోనే ఉండిపోయింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి, వాళ్ల ఉపాధ్యాయులకి కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. 2023 డిసెంబరులో మరోసారి పంచారు. అంటే ఫోను, ట్యాబు పిల్లల చేతిలో పెట్టింది పెద్దవాళ్లమే, పెట్టింది చదువు కోసమే. ఇప్పుడు "నీకు ఫోను పిచ్చి పట్టింది" అంటే వాడికి న్యాయంగా కనిపించదు.

ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని తల్లులు కాస్త మొహమాటంగా చెబుతారు. మనది కాలవల ప్రాంతం. పెద్దవాళ్లు లేనప్పుడు పిల్లలు కాలవ గట్టుకి వెళ్తారేమోనని భయం. నాట్ల రోజుల్లో పాముల భయం. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత పెరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఫోను చేతిలో ఉంటే పిల్లవాడు గడప దాటడు. ఇది సోమరితనంతో చేసే పని కాదు, బిడ్డ క్షేమం చూసుకునే తల్లి చేసే పని. కాబట్టి "ఫోను తీసెయ్యండి" అని చెప్పేవాళ్లు, దాని బదులు బిడ్డ ఎక్కడ క్షేమంగా ఉంటాడో కూడా చెప్పాలి.

ఎంతసేపు?

ఐదేళ్ల లోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనలు దాదాపు ఒకటే. 2 ఏళ్లు నిండని బిడ్డకి ఫోను, టీవీ ఏదీ వద్దు. దూరాన ఉన్న అమ్మమ్మతోనో, గల్ఫ్‌లో ఉన్న నాన్నతోనో వీడియో కాల్ మాట్లాడటం పర్వాలేదు. 2 నుంచి 5 ఏళ్ల వరకు రోజుకి 1 గంట మించకూడదు. 5 నుంచి 10 ఏళ్ల వరకు పిల్లల వైద్యుల సంఘం చెప్పింది 2 గంటల లోపు. ఆపైన వయసు వాళ్లకి గంటల కన్నా ముఖ్యమైనది ఇది: నిద్ర, ఆట, చదువు, అందరితో కలిసి భోజనం, వీటిలో ఏదీ ఫోను వల్ల తగ్గకూడదు.

కళ్ల సంగతి

ఫోను వెలుతురు కంటిని కాల్చేస్తుందని కొందరు భయపడతారు. అలా జరగదు. స్క్రీను తదేకంగా చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గుతుంది, దానితో కళ్లు మంట, ఎరుపు, తలనొప్పి వస్తాయి. ఇవి విశ్రాంతితో తగ్గేవే. తగ్గనిది హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం. ఎప్పుడూ దగ్గరి వస్తువునే చూడటం, పగటి వెలుతురులో ఉండే సమయం తగ్గిపోవడం, ఈ రెండూ కలిసి ఎదిగే వయసులో దీన్ని పెంచుతాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో ఒక పరిశోధన చేశారు. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మామూలు బడుల్లో 100 మందిలో దాదాపు 40 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. ఆరుబయట ఉంచిన బడుల్లో దాదాపు 30 మందికే వచ్చింది. 2015లో వచ్చిన ఈ ఫలితంలో మందు లేదు, మాత్ర లేదు, ఎండలో ఉన్న సమయమే. మన దగ్గర మిట్టమధ్యాహ్నం వద్దు. ఉదయం బడికి నడిచి వెళ్లడం, సాయంత్రం పొద్దు గుంకేదాకా ఆటలు చాలు.

కళ్లద్దాల గురించి రెండు మాటలు. "బ్లూ కట్" అద్దాలకని అదనంగా డబ్బు ఖర్చు పెట్టకండి. 2023లో కాక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి చూస్తే, వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. రెండోది, అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరిగిపోతుందన్నది అపోహ. ముఖ్యంగా ఆడపిల్లలకి "రేపు పెళ్లి చూపుల్లో ఇబ్బంది" అని అద్దాలు పెట్టనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పిల్ల బోర్డు మీద అక్షరం కనిపించక చదువులో వెనకబడుతోంది. పవర్ వేగంగా పెరుగుతుంటే దాన్ని నెమ్మదింపజేసే చుక్కల మందు డాక్టరు రాయవచ్చు, సొంతంగా కొట్లో అడిగి కొనకండి.

మాటలు రాని పసివాళ్లు

ఏడాదిన్నర బిడ్డకి ఫోను చూపిస్తూ అన్నం పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. బిడ్డ నోరు తెరుస్తుంది నిజమే. కానీ కడుపు నిండిందో లేదో ఆ బిడ్డకి తెలియదు, తింటున్నది పప్పో పెరుగో కూడా చూడదు. మాట నేర్చుకోవడం ఇచ్చిపుచ్చుకోవడం లాంటిది. బిడ్డ "తాత్తా" అంటే మనం "తాతయ్య ఏడీ?" అనాలి. ఫోను ఎంత బాగా మాట్లాడినా బిడ్డ చెప్పేది వినదు.

ఈ మధ్య "ఫోను వల్లే ఆటిజం వస్తుంది, ఫోను ఆపితే పోతుంది" అని వీడియోలు తిరుగుతున్నాయి. ఆటిజం పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఫోను ఆపడం ఏ బిడ్డకైనా మంచిదే. కానీ ఫోను ఆపాం కదా అని ఆరు నెలలు ఎదురుచూస్తూ కూర్చోవద్దు. 16 నెలలకి ఒక్క మాటా రాకపోయినా, 2 ఏళ్లకి రెండు మాటలు కలిపి చెప్పకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా వెంటనే తీసుకురండి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి.

ఆ మూడు గంటలు

ముందుగా, ఇంట్లో ఉంచవలసిన ఫోను ఏది? చాలామంది తల్లులు "అత్యవసరమైతే కాల్ చేయడానికి" అని స్మార్ట్‌ఫోను పిల్లల దగ్గర వదిలి వెళ్తారు. కాల్ చేయడానికి బటన్ల ఫోను సరిపోతుంది. అమ్మ, నాన్న, పక్కింటి పిన్ని నంబర్లు అందులో పెట్టి అది ఇంట్లో ఉంచండి. స్మార్ట్‌ఫోను మీ వెంట తీసుకువెళ్లండి. మేము చెప్పే సలహాలన్నిటిలో ఎక్కువ ఇళ్లలో కుదిరేది ఇదేనని మా అభిప్రాయం, ఎందుకంటే దీనికి కాపలా అక్కర్లేదు.

"మరి హోంవర్కు?" అంటారు. వాట్సాప్‌లో వచ్చింది మీరు పనిలో విరామం దొరికినప్పుడు చూసి, బటన్ల ఫోనుకి కాల్ చేసి చెప్పండి, పిల్లవాడు రాసుకుంటాడు. లేదా ఇంటికి వచ్చాక చూపించండి. హోంవర్కుని డైరీలో రాయించమని బడిలో అడగడం కూడా తప్పు కాదు. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే వింటారు.

రెండోది మనిషి. ఒకే వీధిలో ఉద్యోగాలు చేసే నాలుగు కుటుంబాలు ఉంటే, రోజుకి ఒకరి పెద్దవాళ్లు పిల్లలందరినీ చూసుకోవచ్చు. బడి మైదానంలోనో, చర్చి ఆవరణలోనో గోడ లోపల ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చుంటే కాలవ భయం, పాము భయం చాలావరకు తీరుతాయి. 2014 నవంబరు నుంచి మన ఊళ్లో తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడ్చే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు ఉన్నారు కదా, అలాంటి ఊళ్లో వారానికి ఒక సాయంత్రం కూర్చునే మనిషి దొరకడం కష్టం కాదనుకుంటాం.

ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే సగం బరువు తగ్గినట్టే, కానీ పిల్లవాడు ఏడిస్తే ఫోను ఇచ్చేది కూడా ఎక్కువగా వాళ్లే. మోకాళ్ల నొప్పులతో ఆవిడ పిల్లవాడి వెంట పరుగెత్తలేదు. "అత్తయ్యా, మీరే పాడు చేస్తున్నారు" అంటే పని జరగదు. "అత్తయ్యా, వాడికి మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి, నేను వచ్చేదాకా బియ్యంలో రాళ్లు ఏరించండి, గోంగూర ఆకు తుంచించండి" అని పని అప్పగించండి. ఏదీ కుదరని రోజున టీవీ పెట్టమనండి. టీవీ కూడా స్క్రీనేగా అంటారా? అవును. కానీ అది దూరంగా ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది, దుప్పటి కిందకి రాదు. ఫోను కన్నా టీవీ మేలు.

ఫోను ఆపిన మొదటి కొన్ని రోజులు ఏడుపు, అలక, అన్నం మానడం ఉంటాయి. మూడో రోజున జాలిపడి ఇచ్చేస్తే, మూడు రోజులు ఏడిస్తే ఫోను వస్తుందని బిడ్డ నేర్చుకుంటాడు. అందుకని మీకు సెలవు ఉన్న వారంలో మొదలుపెట్టండి.

మనం ఇంటికి వచ్చాక సంగతి కూడా ఉంది. అలసిపోయి వచ్చి మంచం మీద వాలి ఫోను తీస్తాం. ఇప్పుడు బైబిలు కూడా చాలామంది ఫోనులోనే చదువుతున్నారు. మనం చదువుతున్నది వాక్యమో, చూస్తున్నది రీల్సో నాలుగేళ్ల బిడ్డకి తేడా తెలియదు. ఆ బిడ్డకి కనిపించేది అమ్మ మొహానికి అడ్డంగా ఉన్న ఫోనే. వీలైతే అచ్చు పుస్తకం తీయండి. వచ్చిన మొదటి అరగంట ఫోను అలమరలో పెట్టి బిడ్డ దగ్గర కూర్చోండి.

రాత్రి, పెద్ద పిల్లలు

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 దాటినవాళ్లకి 8 నుంచి 10 గంటలు. పడుకునే ముందు కంట్లో పడే వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోనుని ఆలస్యం చేస్తుంది. ఆట మధ్యలో ఉన్న ఉత్సాహం ఇంకా ఆలస్యం చేస్తుంది. ఇంట్లో ఫోన్లన్నీ, మీవి కూడా, రాత్రి 9కి వంటింట్లో ఒకచోట ఛార్జింగ్‌కి పెట్టండి. అలారం కోసం ఫోను కావాలనే పిల్లలకి ఒక అలారం గడియారం కొనివ్వండి.

ఇంటర్ చదివే పిల్లల దగ్గర ఫోను లేకుండా కుదరదు. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటి యాప్‌తో నిద్ర వేళ, కొత్త యాప్‌ల అనుమతి మీ ఫోను నుంచే పెట్టవచ్చు. కానీ ప్రభుత్వ ట్యాబ్‌లకి పెట్టిన తాళాలనే తీసే దారి వెతికిన పిల్లల గురించి పేపర్లలో చదివాం. యూపీఐ పిన్ మాత్రం ఎవరికీ చెప్పకండి, పిల్లలు చూస్తుండగా నొక్కకండి.

ఈ వయసులో గంటల కన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. తెలియని మనిషి పరిచయమై ఫొటో అడుగుతాడు, తర్వాత దాన్ని చూపించి బెదిరిస్తాడు. ఆ పిల్ల ఇంట్లో చెప్పదు, ఎందుకంటే చెబితే ముందు ఫోను లాక్కుంటారు, తర్వాత కొడతారు, ఆపైన చదువు మానిపిస్తారు. "ఏం జరిగినా నాతో చెప్పు, ఫోను తీసుకోను, కొట్టను" అన్న మాట ఏ గొడవా లేని రోజునే మీ బిడ్డకి చెప్పి ఉంచండి. మగపిల్లలకి కూడా చెప్పండి. అలాంటిది జరిగితే మెసేజీలు చెరపకండి, డబ్బు పంపకండి. పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసాలకి 1930 నంబరుకి ఫోను చేయండి.

ఎప్పుడు హాస్పిటల్‌కి రావాలి?

కళ్లు చికిలించి చూడటం, టీవీకి బాగా దగ్గరగా కూర్చోవడం, తరచూ తలనొప్పి, ఉదయం లేవలేకపోవడం, ఆకలి తగ్గడం ఉంటే ఓపీకి తీసుకురండి. బడి మానేయడం, స్నానం, భోజనం మరిచి ఆటలో ఉండటం, ఫోను తీసుకుంటే వస్తువులు పగలగొట్టడం లాంటివి నెలల తరబడి సాగితే అది అల్లరి కాదు, సహాయం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచే దీనికి ప్రత్యేక క్లినిక్ ఉంది. అంత దూరం వెళ్లలేనివారు ముందు టెలి మానస్ 14416 నంబరుకి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ చచ్చిపోతానని అన్నా, చేయి కోసుకున్నా బెదిరింపు అనుకోకుండా ఆ రోజే తీసుకురండి.

వచ్చేటప్పుడు బిడ్డ పడుకునే వేళ, లేచే వేళ, ఫోను చూసే వేళ ఒక వారంపాటు కాగితం మీద రాసి తెండి. పాత కళ్లద్దాలు, వాటి చీటీ ఉంటే అవి కూడా తీసుకురండి.