గన్నవరమునుండి రేణిగుంటకు గాలిదారి

విజయవాడ విమానాశ్రయము గన్నవరమునను, తిరుపతి విమానాశ్రయము రేణిగుంట చెంతను గలవు. ఈ రెంటి నడుమ ఆకాశమార్గమున దూర మెంత? విమానమున కెంత సేపు పట్టును? భూపటమును ఎదుట పరచుకొని మనమే కనుగొందము.

గన్నవరము 16.53 ఉత్తర అక్షాంశము, 80.80 తూర్పు రేఖాంశము వద్ద నున్నది. రేణిగుంట విమానాశ్రయమునకు ఆ సంఖ్యలు 13.63, 79.54. అక్షాంశముల భేదము 2.90 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తర దక్షిణములుగా 322 కి.మీ. వచ్చును. రేఖాంశముల భేదము 1.26. దీనిని కూడ 111 చేతనే గుణింప తొందరపడరాదు. రేఖాంశరేఖలు ధ్రువములవైపు పోవుకొలది దగ్గరపడును గదా! 15వ అక్షాంశము చెంత వాని నడుమ డిగ్రీకి 107 కి.మీ. మాత్రమే. కావున తూర్పు పడమరలుగా 135 కి.మీ. ఈ రెండును లంబకోణ త్రిభుజమున భుజములు. కర్ణమే విమానపు దారి. 322 వర్గమునకు 135 వర్గమును కలిపి వర్గమూలము తీసినచో 349 కి.మీ. తేలును. ఇంత కొద్ది దూరమున భూమి వంపువలన కలుగు తేడా స్వల్పము. గూడూరు మీదుగా పోవు రైలుదారి మాత్రము 380 కి.మీ. పైచిలుకు.

ఇక కాలము. చిన్న పట్టణముల నడుమ తిరుగు ఏ.టి.ఆర్. రకపు ప్రొపెల్లరు విమానము గంటకు సుమారు 500 కి.మీ. పోగలదు. లెక్క ప్రకారము 42 నిమిషములు చాలును. కాని ఇట్టి దూరమునకు సమయపట్టికలో ఒక గంట, ఒక్కొక్కప్పు డంతకు మించియు వేయుదురు. ఇది మోసము కాదు. పట్టికలోని కాలము విమానము నిలిచిన చోటు వదలినది మొదలు, గమ్యమున మరల నిలుచువరకు లెక్కింపబడును. నేలమీద రన్‌వే చివరకు నడచుటయు, మెల్లగా పైకెక్కుటయు, దిగునపుడు రన్‌వేకు సూటిగా వచ్చుటకై చుట్టు తిరుగుటయు అందులోనివే.

గాలి సంగతి మరియు వింతగా నుండును. గంటకు 40 కి.మీ. వేగముతో ఎదురుగాలి వీచినచో ప్రయాణము సుమారు 45½ నిమిషములగును. తిరుగు ప్రయాణమున అదే గాలి వెనుకనుండి త్రోయగా 39 నిమిషములు. రెండును కలిపి చూడుడు: గాలి లేనినాటి మొత్తముకంటె అర నిమిష మెక్కువ! ఎదురై తీసికొన్న దంతయు గాలి మరల ఈయదు.

రోగిని వెంటబెట్టుకొని పోవు తలిదండ్రులు ఈ గంటను మాత్రమే నమ్ముకొనరాదు. గన్నవరము విజయవాడకు 20 కి.మీ. దూరము, రేణిగుంటలో దిగి తిరుపతి చేరుటకు మరి 15 కి.మీ. విమానాశ్రయమునకు ఒకటి రెండు గంటలు ముందుగా పోవలయును. ఇంటినుండి లెక్కించిన నాలుగు గంటలు. ఎక్స్‌ప్రెస్ రైలున ఆరేడు గంటలు పట్టును. మిగులునది రెండు మూడు గంటలే. దానికై ఇంత టిక్కెట్టు వెల పెట్టవలయునా యనునది ఆయా కుటుంబముల యవసరమును బట్టి యుండును.

విద్యార్థు లిప్పుడు హుబ్బళ్లి విమానాశ్రయమునుండి రేణిగుంటకు దూరము కట్టి చూడవలయును. హుబ్బళ్లి స్థానము 15.36 ఉత్తరము, 75.08 తూర్పు. సమాధానము 515 కి.మీ. దరిదాపుల రావలయును.