మాత్ర మింగిన తర్వాత ఏం చూడాలి?



వానలు మొదలైనాయి. సిక్ రూములో మంచాలు నిండుతున్నాయి. చలిజ్వరం వస్తే వేలు పొడిచి రక్తం చూస్తారు, మాత్రలు ఇస్తారు, మనం మింగుతాం. ఇంక అయిపోయింది అనుకుంటాం. కానీ నర్సు పని సగం అక్కడి నుండే మొదలవుతుంది. ఆ సగం గురించి ఈ పాఠం రాస్తున్నాను.

నర్సు చదువులో మొదట నేర్పేది ఏమంటే, సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన దారిలో, సరైన వేళకు ఇవ్వాలి. దారి అంటే నోటితోనా, సూదితోనా, పైన పూయడమా అని. వినడానికి తేలికే. మన హాస్టల్లో "లక్ష్మీ" అని పిలిస్తే నలుగురు పలుకుతారు. ఒకే ఊరోళ్ళయితే ఇంటిపేరు కూడా ఒకటే. అందుకే "నువ్వు లక్ష్మివేనా?" అని అడగకూడదు. జ్వరంలో ఉన్న పిల్ల దేనికైనా తల ఊపుతుంది. "నీ పేరేంటి, ఏ తరగతి, ఏ ఊరు?" అని అడిగి, ఆమె నోటితోనే చెప్పించాలి.

మలేరియా మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వైవాక్స్, రెండోది ఫాల్సిపారం. ఫాల్సిపారానికి మూడు రోజుల మాత్రలు వయసును బట్టి రంగు పాకెట్లలో వస్తాయి. 2013 నాటి జాతీయ మార్గదర్శకంలో 5 నుండి 8 ఏళ్ళకు పచ్చ, 9 నుండి 14 ఏళ్ళకు ఎర్ర, 15 దాటితే తెల్ల పాకెట్ అని ఉంది. మన తరగతిలో చాలామందికి ఎర్రది, పదో తరగతి అక్కలకు తెల్లది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనలో ఎంతమందికి పుట్టినరోజు జూన్ నెలలో ఉందో లెక్క పెట్టండి! అది బడిలో చేర్చిన రోజు సారు రాసిన తేదీ. మా అమ్మను అడిగితే "జొన్న కోతలప్పుడు పుట్టావు" అంటుంది, ఏ సంవత్సరమో చెప్పలేదు. రిజిస్టరులో వయసు తప్పయితే పాకెట్ రంగు కూడా తప్పుతుంది. కాబట్టి సన్నగా ఉన్న పిల్లను ముందు తూకం వేసి చూడాలని నా అభిప్రాయం.

మొదటి మోతాదు అక్క ఎదుటనే మింగి 15 నిమిషాలు కూర్చోవాలి. లోపల వాంతి అయితే ఇంకో 15 నిమిషాలు పడుకోబెట్టి, కొత్త పాకెట్ తెరిచి మళ్ళీ ఇస్తారు. అదీ కక్కేస్తే ఇంక హాస్టల్లో ఉంచకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. మింగి బయటికి పరుగెత్తి చింతచెట్టు కింద కక్కేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చి పడుకుంటే లోపల మందు లేనట్టే.

ఇప్పుడు వైవాక్స్. దీనికి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. జ్వరం మూడో రోజుకే పోతుంది కదా, ఇంకా పద్నాలుగు రోజులు ఎందుకు? ఎందుకంటే వైవాక్స్ క్రిమి కాలేయంలో నిద్రపోతుంది. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. నిద్రపోయినవి వారాలకో, నెలలకో లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి. వాటిని చంపేది ప్రైమాక్విన్. ఏడాదిలోపు పసిపిల్లలకు, గర్భిణీలకు ఇది ఇవ్వరు.

ఇంకొకరికి కూడా ఇవ్వకూడదు. కొందరి ఎర్ర రక్తకణాలలో జి.6.పి.డి. అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. ప్రైమాక్విన్ పడితే ఆ కణాలు పగిలిపోతాయి. మూత్రం నల్ల టీ రంగులో పోతుంది, కళ్ళు పచ్చబడతాయి, పెదవులు నీలంగా మారతాయి, కడుపు నొప్పి, ఆయాసం వస్తాయి. ఇది మగపిల్లల్లో ఎక్కువ, ఆడపిల్లల్లో కూడా ఉంటుంది. ముందే రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. చేయకపోతే మూత్రం రంగే మనకు పరీక్ష. ఆ రంగు కనబడితే ఆ మాత్ర ఆపి, వెంటనే, రాత్రయినా సరే, చెప్పాలి.

ఇక్కడే అసలు ఇబ్బంది. మనం చెప్పం. సిగ్గు. "బాగున్నావా?" అంటే "బాగున్నా" అంటాం. అందుకని అక్క "నీళ్ళు ఏ రంగులో పోతున్నాయి?" అని ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడగాలి, పదిమందిలో కాదు. చిన్న తరగతుల పిల్లలకు తెలుగు ఇంకా సరిగా రాదు. వాళ్ళను మన భాషలో మనమే అడగాలి. దీనికి నర్సు చదువు అక్కర్లేదు.

అయితే రంగు మారిన ప్రతిసారీ మందు ఆపకూడదు. మా తాతకు క్షయ మాత్రలు ఇచ్చారు. రెండో రోజు మూత్రం ఎర్రగా పోయింది. రక్తం పోతుందని భయపడి మాత్రలు చూరులో దోపేశాడు. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, హాని లేదు. ఇచ్చినప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేవాడు కాదు. తర్వాత ఆశా అక్క వచ్చి నచ్చజెప్పి మళ్ళీ మొదలు పెట్టించింది. క్షయకు మందు మధ్యలో ఆపితే క్రిమి మొండిదవుతుంది. అట్లాగే మనకు వారానికొకసారి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. దానికీ భయం లేదు. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వేసుకోకూడదు. కానీ ఏ మందుకైనా ఒళ్ళంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం వస్తే ఆలస్యం చేయరాదు.

ఇంకో సంగతి. క్రోసిన్ వేరు, డోలో వేరు అనుకుని రెండూ వేసుకునేవాళ్ళున్నారు. రెండింటిలో ఉన్నది పారాసిటమాలే. ఎక్కువైతే కాలేయం దెబ్బ తింటుంది. మందు పేరు, గడువు తేదీ పట్టీ మీద ఒక చివరే ఉంటాయి చాలాసార్లు. కత్తెరతో ఆ చివర ముందు కోసేస్తే మిగిలినవి ఏ మందో, ఎప్పటివో ఎవరికీ తెలియదు. తేదీ లేని చివర నుండి కోయాలి. కాగితంలో చుట్టి ఇస్తే పేరు రాయమని అడగండి. మన ఇంట్లో చదివేది మనమే కదా.

మందు వల్ల చెడు జరిగితే దేశంలో దాన్ని నమోదు చేసే పద్ధతి ఉంది. 2010లో మొదలైంది. డాక్టరే కాదు, నర్సు కూడా, మందు వేసుకున్న మనిషి కూడా చెప్పవచ్చు. నంబరు 1800-180-3024, డబ్బులు పడవు. ఈ నంబరు సిక్ రూము తలుపు వెనక సుద్దముక్కతో రాశాను. ఊడ్చేవాళ్ళు దయచేసి తుడపకండి.

తొమ్మిదో తరగతి విద్యార్థిని