ముందు పాత శిష్యుల్ని అడుగు



మూడు ల్యాబుల నుంచి పీహెచ్‌డీకి పిలుపు వచ్చిందనీ, ఎటు వెళ్లాలో తేలక నీకు నిద్ర పట్టడం లేదనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నీటికాసులతో తాతయ్య చూపు పోయినప్పటి నుంచీ కంటినరం మీదే పనిచేస్తానని పట్టుబట్టిన పిల్లవు నువ్వు. ఆ నరానికి మూలమైన గ్యాంగ్లియన్ కణాలతోనే పేరు తెచ్చుకున్న బెన్ బారెస్ సంగతి నీకిప్పుడు పనికొస్తుంది.

బారెస్ 1954లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆడపిల్లగా, బార్బరాగా పుట్టారు. ఎంఐటీలో చదివేటప్పుడు క్లాసులో దాదాపు ఎవరికీ రాని లెక్క తను చేస్తే, నీ బాయ్‌ఫ్రెండ్ చేసిపెట్టి ఉంటాడని ప్రొఫెసర్ తేల్చేశారు. 1997లో పురుషుడిగా మారి బెన్ అయ్యారు. ఆ తర్వాత ఆయన ప్రసంగం విన్న ఒకరు, ఈయన పని వాళ్ల సోదరి పనికంటే ఎంతో మేలని మెచ్చుకున్నారట. ఆ సోదరి మరెవరో కాదు, ఆయనే! ఇవన్నీ 2006లో నేచర్ పత్రికలో రాసి, సైన్సులో ఆడవాళ్లు తక్కువగా ఉండటానికి కారణం తెలివి కాదు, వివక్ష అని గట్టిగా వాదించారు. ఆ వ్యాసం నువ్వు తప్పకుండా చదవాలి.

ఎంఐటీ తర్వాత డాక్టరీ చదివి న్యూరాలజీ శిక్షణలో ఉన్నప్పుడు, నరాలు దెబ్బతిన్న రోగులకు వైద్యం చేయగలిగింది ఎంత కొంచెమో ఆయన కళ్లారా చూశారు. దాంతో మళ్లీ విద్యార్థిగా హార్వర్డ్‌లో చేరి, ఈ గ్యాంగ్లియన్ కణాల పని పట్టుకున్నారు. ఎలుక రెటీనాలో గ్యాంగ్లియన్ కణాలు నూటికి ఒకటి కూడా ఉండవు. వాటిని విడదీయడమే అసలు చిక్కు. రెటీనాను విడివిడి కణాలుగా చేసి, యాంటీబాడీ పూసిన గిన్నెలో పోస్తారు. ముందు గిన్నెకు అక్కర్లేనివి అంటుకుంటాయి. మిగిలినవి మరో గిన్నెలోకి వంచితే, ఈసారి గ్యాంగ్లియన్ కణాలు అడుగున అంటుకుని, తక్కినవి కడుగులో కొట్టుకుపోతాయి. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికైన పని. బారెస్ గెలుపుకి పునాది ఆ గిన్నెలే.

ఎందుకంటే కణాలు శుద్ధంగా దొరికాకే, వాటికి ఇరుగుపొరుగు ఏం చేస్తుందో తెలిసింది. గ్యాంగ్లియన్ కణాల్ని ఒంటరిగా పెంచితే వాటి మధ్య సైనాప్స్‌లు కొద్దిగానే ఏర్పడ్డాయి. ఆస్ట్రోసైట్లనే గ్లియా కణాలు తోడైతే ఎన్నో రెట్లు పెరిగాయి. నరకణాలకు ఊతంగా ఉండే జిగురు అని తీసిపారేసిన గ్లియా కణాలకు అలా విలువ వచ్చింది.

నీకు కావలసింది తెగిన నరం మళ్లీ ఎదగడం. 1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుక కాలి నరం ముక్కను వెన్నుపాముకూ మెదడు కాండానికీ వంతెనగా వేస్తే, ఎదగవనుకున్న నరాల పోగులు అందులోంచి సెంటీమీటర్ల దూరం సాగాయి. అంటే తప్పు కణానిది కాదు, చోటుది అనిపించింది. కానీ 2002లో బారెస్ ల్యాబులో జెఫ్రీ గోల్డ్‌బర్గ్ బృందం, కణం లోపల కూడా ఏదో మారుతుందని చూపింది. పుట్టకముందు చకచకా సాగే గ్యాంగ్లియన్ కణాల పోగులు పుట్టుక సమయానికి నెమ్మదిస్తాయి. రెటీనాలో పక్కనే ఉండే అమాక్రిన్ కణాల స్పర్శే ఆ సంకేతం ఇస్తుందట. అయినా తాతయ్య లాంటివాళ్లకు పోయిన చూపు తెచ్చే చికిత్స ఇంకా రాలేదు. నీకు చేతినిండా పని ఉంది.

ఇక ల్యాబు సంగతి. గైడును ఎలా ఎంచుకోవాలో బారెస్ 2013లో న్యూరాన్ పత్రికలో ఒక వ్యాసమే రాశారు. అదే ఏడాది అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. బహిరంగంగా ట్రాన్స్‌జెండర్‌నని చెప్పుకున్నవారిలో ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. గైడు ఎంత మంచి శాస్త్రవేత్తో, శిష్యుల్ని ఎంత బాగా తీర్చిదిద్దుతారో రెండూ చూడాలన్నది న్యూరాన్‌లోని ఆ వ్యాసం సారం. స్టాన్‌ఫర్డ్‌లో తన దగ్గర పనిచేసి వెళ్లేవారిని, చేస్తున్న పరిశోధనను వెంట తీసుకుపొమ్మనేవారు. క్లోమ క్యాన్సర్‌తో 2017 డిసెంబర్‌లో కన్నుమూశారు. చివరి రోజుల్లోనూ శిష్యులకు సిఫార్సు లేఖలు రాస్తూనే ఉన్నారు.

కాబట్టి యూనివర్సిటీ పేరు తర్వాత చూద్దువుగాని. ఆ మూడు ల్యాబుల్లో చదివి వెళ్లినవాళ్లలో ఒక్కోచోట ఇద్దరికైనా ఈ వారంలోనే మెయిల్ రాయి. ఇప్పుడేం చేస్తున్నారో, ఎన్నేళ్లు పట్టిందో, ప్రయోగం చెడిన రోజున గైడు ఏమన్నారో అడుగు. జవాబులు రాగానే అత్తయ్యకు ఫోన్ చెయ్యి.