బంటు ఇచ్చి కాలం కొనవచ్చా?

1995, రీగా నగరం, తాల్ స్మారక చదరంగ టోర్నమెంట్. విశ్వనాథన్ ఆనంద్‌తో ఆటలో గ్యారీ కాస్పరోవ్ నాలుగో ఎత్తులోనే ఒక బంటును ఎరగా వేశారు. ఇది ఈవాన్స్ గాంబిట్. వేల్స్‌కు చెందిన నౌకా కెప్టెన్ విలియం డేవిస్ ఈవాన్స్ 1820లలో రూపొందించిన ఎత్తుగడ.

ఆట మొదట్లోనే పావును వదులుకుని, బదులుగా కాలాన్ని సంపాదించడమే గాంబిట్. చదరంగంలో కాలాన్ని కొలిచేది గడియారం ఒక్కటే కాదు, ఎత్తులు కూడా. లెక్కపెట్టి చూద్దాం.

ఆనంద్ బిషప్ ముందు సీ5కి వచ్చింది. తర్వాత బీ4లోని బంటును తీసుకుంది. తెల్ల బంటు సీ3కి జరిగి బెదిరించగానే ఈ7కి తగ్గింది. మొదటి గడి నుంచి ఈ7కి ఒక్క ఎత్తు చాలు. దీనికి మూడు పట్టాయి. గుర్రం కూడా సీ6 నుంచి ఏ5కి వెళ్లి, తిరిగి సీ6కే చేరింది. కాస్పరోవ్ బిషప్ సైతం సీ4 నుంచి ఈ2కి వెనక్కి జరిగింది. అయినా ఈలోగా ఆయన బంటు ఈ5ను ఆక్రమించింది, మంత్రి హెచ్4 చేరింది. 25వ ఎత్తుకు ఆనంద్ ఓడిపోయారు.

గాంబిట్‌లో అసలు చిక్కు ఇదే: తీసుకున్న బంటు ఆధిక్యం చివరిదాకా నిలుస్తుంది, సంపాదించిన కాలం మాత్రం త్వరగా కరిగిపోతుంది. ఆలోపే దాన్ని దాడిగా మార్చుకోవాలి.