జూన్‌లో బడి మానకు చెల్లె

వర్ని నుంచి రాసిన చెల్లె, నీ ఉత్తరం చదివాను. పేరు వేయొద్దన్నావు, వేయను. ప్రైవేటు బడిలో తెలుగు చెప్తున్నావు. ఎండాకాలం సెలవుల్లో జీతం ఉండదు. జూన్ వచ్చిందంటే పిల్లల్ని బడిలో చేర్పించమని ఇల్లిల్లూ తిరగాలి. పోయినేడు బడి కరపత్రం నువ్వే రాసిచ్చావట. అది చదివి వచ్చామని నలుగురు తల్లులు చెప్తే నీకు కొత్త ఆశ పుట్టింది. మీ తమ్ముడేమో "కాపీరైటింగ్ చెయ్యక్కా, ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చు" అన్నాడు. బడి తెరిచేలోపు రాజీనామా ఇచ్చేయాలా అని అడిగావు.

ఇవ్వకు. రాయడం మాత్రం ఈ వారమే మొదలుపెట్టు.

ఈ పని సాహిత్యానికి చుట్టమేమో కానీ దాని ఇంటి మనిషి కాదు. అంగడివాడి సరుకు అమ్ముడుపోవాలి, దాని కోసం నువ్వు నాలుగు మాటలు రాయాలి, అంతే. కరపత్రం, ఫ్లెక్సీ, రేడియోలో అరనిమిషం మాట, రీల్‌కు స్క్రిప్టు, వాట్సాప్‌లో వచ్చే ఆఫర్ మెసేజ్, ఆన్‌లైన్ అంగట్లో చీర ఫొటో కింద వివరం, ఫోన్ యాప్‌లో బటన్ మీది రెండు ముక్కలు, ఇవన్నీ ఎవరో కూర్చుని రాస్తున్నవే. ఎక్కడా నీ పేరు ఉండదు. రాసింది బాగుందని ఎవరూ చప్పట్లు కొట్టరు. కథ అచ్చయితే పడే సంబరం ఇక్కడ దొరకదు. అది ఓర్చుకోగలవా లేదా అన్నది ముందు తేల్చుకో, పైసల లెక్క తర్వాత చూద్దాం.

అట్లా అని చిన్నచూపు చూడాల్సిన పని కూడా కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభలకు వచ్చినవాళ్లకు ఆ మందు ఉచితంగా పంచి అలవాటు చేశారు. ఆ తలనొప్పి మందు పైసలతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. మద్రాసులోనే కె.ఎన్. కేసరి గారు లోధ్ర అనే ఆడవాళ్ల మందు అమ్ముతూ 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. అంటే మన పత్రికలను సాకినవాటిలో మందు సీసా కూడా ఉంది! బాపు గారు కూడా ప్రకటనల కంపెనీల్లో పనిచేసినవారే. ఈ దారిలో నడిచిన పెద్దవాళ్లు ఇంతమంది ఉన్నారు.

ఇప్పటి సంగతే చూడు. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్ గారు టీవీలోకి వచ్చి డబ్బులు ఊరికే రావు అంటే బడి పిల్లలు సైతం ఆయన గొంతు అనుకరించారు. ఆ మాటలో అలంకారం ఏముంది చెప్పు? మన ఇండ్లలో నాయనలు రోజూ అనేదే కదా. బంగారం కొనడానికి పోయేవాడి మనసులో ఉండే భయమే అది. ఆ భయాన్ని వాడి మాటల్లోనే వాడికి వినిపించారు. ఈ పనిలో విద్యంతా అక్కడే ఉంది. ఎదుటివాడి లోపల ఏం మెదులుతున్నదో పట్టుకోవాలి, పట్టుకున్నాక వాడి నోటిమాటతోనే చెప్పాలి.

"ముప్పై దాటినంక కొత్తగా నేర్చుకుంటే నవ్వరా అక్కా" అన్నావు. నవ్వేవాళ్లు ఇరవైలో కూడా నవ్వుతారు. డేవిడ్ ఓగిల్వీ అని ప్రపంచం మొత్తం గురువుగా చెప్పుకునే ప్రకటనల మనిషి ఉండేవాడు. చదువు మధ్యలో వదిలేశాడు. పారిస్‌లో ఒక హోటల్ వంటగదిలో పనిచేశాడు. తర్వాత ఇంటింటికీ తిరిగి వంటపొయ్యిలు అమ్మాడు. 1948లో న్యూయార్క్‌లో సొంత ఏజెన్సీ పెట్టేనాటికి నలభైకి దగ్గరపడ్డాడు. గుమ్మంలో నిలబడిన ఇల్లాలు ఏం అడుగుతుంది, ఎక్కడ అనుమానపడుతుంది అన్నది పొయ్యిలు అమ్మిన రోజుల్లోనే ఆయనకు తెలిసొచ్చింది. మన దేశంలో పీయూష్ పాండే ఉండేవారు. రాజస్థాన్ తరఫున రంజీ క్రికెట్ ఆడారు, టీ పొడి రుచి చూసే ఉద్యోగం చేశారు, 1982లో ఓగిల్వీ కంపెనీలో చేరారు. ఇంగ్లిష్ రాజ్యమేలే ఆఫీసుల్లోకి వీధిలో మాట్లాడే హిందీని తీసుకొచ్చారు. ఆయన ఫెవికాల్ ప్రకటనలు చూసి నవ్వని ఇల్లుందా! 2016లో పద్మశ్రీ వచ్చింది, 2025 అక్టోబరులో పోయారు. ఆయనకు ఏడుగురు అక్కచెల్లెళ్లు. అంతమంది ఆడపిల్లల మధ్య పెరిగినవాడికి మాటలు రాక ఏం చేస్తాయిలే.

ఓగిల్వీ గుమ్మాల దగ్గర నేర్చిందే నువ్వు జూన్ ఎండలో బడి కరపత్రాలు పట్టుకుని నేర్చుకున్నావు. ఫీజు ఎక్కువన్న తల్లికి ఏం చెప్పావు, ఇంగ్లిష్ మీడియం కావాలన్న తండ్రిని ఎట్లా ఒప్పించావు, అవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకో. ఏ కోర్సు కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

నీకింకో ఆస్తి ఉంది, అది నీకు ఆనుతలేదు. మీ ఊరే ఆ ఆస్తి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో పారినంక కోస్తా జిల్లాల రైతులు మీ దిక్కు వచ్చి భూములు కొన్నారు, క్యాంపులు కట్టుకున్నారు. అందుకే మీ అంగట్లో ఒకామె "ఎంతకిస్తావే" అంటే పక్కనున్నామె "ఎంతండీ ఇది" అంటుంది. బడాపహాడ్ దర్గాకు వచ్చేవాళ్లతో అంగడివాళ్లు హిందీలో బేరమాడతారు. పొద్దున లేస్తే ఇన్ని రకాల మాట నీ చెవిన పడుతుంది. ఎక్కడో ముంబైలో ఇంగ్లిష్‌లో తయారై తెలుగు తొడుక్కుని వచ్చే ప్రకటన విని మన అమ్మలు ముఖం తిప్పుకుంటారే, అది ఎందుకు అతకలేదో నువ్వు వెంటనే చెప్పగలవు. ఆ చెవికి విలువ ఉంది. హైదరాబాదులో ఏజెన్సీలు వెతుక్కునేది దాన్నే.

ఇగ పని ముచ్చట. ముందు మీ ఊరి అంగళ్లకే రాసి చూడు. రైస్ మిల్లు షాపు ముందు "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా" అని బోర్డు ఉంటుంది. అదే వాక్యం ఎరువుల షాపుకు తగిలించు, చెప్పుల షాపుకు తగిలించు, ఎక్కడైనా సరిపోతుంది. అన్నిటికీ సరిపోయే మాట ఏదీ అమ్మదు చెల్లె. పోయి మిల్లు ఆయనతో మాట్లాడు. ఏ బియ్యం, ఎన్నాళ్లు పాతబడింది, కొన్నవాళ్లు మళ్లీ ఎందుకు వస్తున్నారు, తిరిగి ఇచ్చేసినవాళ్లు ఎందుకు ఇచ్చేశారు అని అడుగు. అప్పుడు ఇట్లాంటిది రాయగలవు: "ఏడాది పాత సోనా. పొద్దున వండితే రాత్రికి కూడా మెతుకు విడివిడిగా ఉంటుంది. ముందు కిలో కొని వండి చూడండి, నచ్చితేనే బస్తా." ఇందులో గొప్ప తెలుగు లేదు. కానీ బస్తా కొని మోసపోయిన ప్రతి ఇల్లాలికీ ఆ చివరి మాట తగులుతుంది. ఒక్క షరతు, అది నిజమై ఉండాలి. బియ్యం పాతది కాకుంటే పాతదని రాయొద్దు.

నిజం ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకో మాట. షుగర్ పూర్తిగా తగ్గిస్తాం, పిల్లలు పుట్టిస్తాం అని రాసిపెట్టమని మందులవాళ్లు తప్పకుండా అడుగుతారు, పైసలు కూడా బాగా ఇస్తామంటారు. 1954 నుంచే అట్లాంటి ప్రకటనల మీద చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారే పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆ పైసలు మనకొద్దు.

మీ తమ్ముడు చెప్పిన "ఇంట్లో కూర్చుని" దగ్గర నాకు కొంచెం భయం ఉంది. టైపింగ్ పని, కంటెంట్ పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని మెసేజ్‌లు వస్తాయి. కొందరు పని చేయించుకుని, తప్పులున్నాయి జరిమానా కట్టు, లేకుంటే కోర్టు నోటీసు అని బెదిరిస్తారు. పని ఇచ్చేవాడు మనకు పైసలివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడం ఏ లోకంలో ఉంది? ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు.

ఏఐ గురించి నువ్వు అడగలేదు, అడగాల్సింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇంగ్లిష్ ముక్కను తెలుగులోకి మార్చే చిల్లర పనికి విలువ పడిపోతున్నది. సరుకు వివరాలు వందల కొద్దీ రాసే పని కూడా యంత్రానికే పోతుంది. దాని మీద ఆశ పెట్టుకుని బడి మానితే నష్టపోతావు. యంత్రం రైస్ మిల్లుకు పోయి ఆయన ఎదురుగా కూర్చోదు, బస్తా వెనక్కి ఇచ్చినామెను పలకరించదు. నువ్వు పోతావు. అందుకే అంగడికి పోయి మాట్లాడే పని మానకు అంటున్నాను. యంత్రం రాసిన తెలుగును సరిదిద్దే పని కూడా ఇప్పుడు వస్తున్నది. ఇబ్బంది లేదు, చెయ్యి, కానీ దానికి కూడా గట్టిగా రేటు అడుగు.

రేటు దగ్గర మన ఆడవాళ్లకు నోరు పెగలదు. "తెలిసినవాళ్లే కదా, చూసి ఇవ్వండి" అంటాం. వాళ్లు చూస్తారు, ఇవ్వరు. సగం ముందు తీసుకో. రెండుసార్లే మార్పులు చేస్తానని వాట్సాప్‌లో రాసి పెట్టు, నోటిమాట వద్దు. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, మధ్యలో ఎవరికీ పైసా ఇవ్వొద్దు. కంపెనీలు టీడీఎస్ పేరుతో ముందే పన్ను కోసుకుని ఇస్తే ఆ లెక్క దాచుకుని రిటర్ను వెయ్యి. పన్ను పడేంత ఆదాయం లేకుంటే ఆ పైసలు వెనక్కి వస్తాయి. ఒక్క షాపు మీదే ఆధారపడకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడితే దాన్నే నమ్ముకున్న ఇండ్లు ఏమయ్యాయో మీ పక్కూరు కాబట్టి నాకన్నా నీకే బాగా తెలుసు.

అన్నిటికన్నా కష్టమైనది ఇంట్లోనే ఉంది. బడికి పోతే నువ్వు ఉద్యోగం చేస్తున్నట్టు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రాస్తే ఖాళీగా ఉన్నట్టు. కరెంటు బిల్లు కట్టడం నీ పనే, వచ్చిన చుట్టానికి చాయ్ పెట్టడం నీ పనే, అత్తమ్మను దవాఖానకు తీసుకుపోవడం నీ పనే. మీ ఆయనతో ఇప్పుడే కూర్చుని మాట్లాడు. రాత్రి అన్నాలయ్యాక గంటసేపు తలుపు వేసుకుని రాసుకుంటానని చెప్పు. ఆ గంట వదలడానికే ఇల్లు ఒప్పుకోకుంటే, రేపు రోజంతా ఒప్పుకుంటుందని అనుకోకు.

కాబట్టి నా మాట ఇది. జూన్‌లో బడికి పో. సెలవు రోజుల్లో అంగళ్లకు పో. దసరా, దీపావళి మీ దిక్కు అమ్మకాల సీజను, వానాకాలం వడ్లు చేతికొచ్చే రోజులు. అప్పటికి ముగ్గురు పైసలిచ్చి రాయించుకుని, అందులో ఒక్కరైనా రెండోసారి పిలిస్తే, వచ్చే ఎండాకాలంలో రాజీనామా గురించి మళ్లీ మాట్లాడుకుందాం. పిలవకుంటే బడి ఉండనే ఉంది. ఈలోగా నువ్వు రాసిన మొదటి మూడు ప్రకటనలు, అవి ఏ అంగడికి ఎందుకు అట్లా రాశావో చెప్తూ నాకు పంపు. బాగాలేకుంటే బాగాలేదనే చెప్తాను, అక్కను కదా.