బొగ్గుల మంట దగ్గర

ప్రశ్న: మూడేళ్లు మానేసిన తాగుడు మళ్లీ మొదలైంది అయ్యగారూ. చర్చిలో ముఖం చూపించలేకపోతున్నాను. దేవుడు ఇంకా క్షమిస్తాడా?
– ఒక సోదరుడు, తాల్‌బగీచా, ఖరగ్‌పూర్

జవాబు: క్షమిస్తాడు సోదరా. యోహాను సువార్త 18వ అధ్యాయం తీయండి. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ పేతురు యేసును ఎరుగనన్నాడు. 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట, దాని మీద చేపలు. యేసు ముందు తినడానికి పిలిచాడు. ఆ తర్వాతే, ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. అయినా యేసు తన మందను అతనికే అప్పగించాడు. ఆ వరస నాకెంతో ఇష్టం.

ఒక జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టరును కలవండి. ఈ ఆదివారం వెనక బెంచీలోనైనా సరే, వెళ్లి కూర్చోండి.